ప్రాసెసరుపై నీటి దిమ్మ: బుకిట్ బటోక్ నుండి విశాఖ వరకు

నీరూ విద్యుత్తూ ఒకచోట ఉండరాదన్నది మన ఇండ్లలో పిల్లలకు మొట్టమొదట నేర్పే జాగ్రత్తలలో ఒకటి. తడిచేతితో స్విచ్చి ముట్టుకోవద్దని, స్నానాలగదిలో తీగలు వేలాడనీయవద్దని చెప్పి పెంచిన తల్లిదండ్రులకు, ఆ పిల్లలే కొంచెం పెద్దవారై, వేల డాలర్ల ఖరీదు చేసే కంప్యూటరు పెట్టెలో స్వహస్తాలతో నీటిగొట్టాలు బిగించుకొంటూ ఉంటే కలిగే ఆందోళన సహజమే. బుకిట్ బటోక్‌లో మేముండే బ్లాకులోనే ఒక తెలుగు కుటుంబంలో ఇటీవల ఈ చర్చ రేగినది. "అన్నయ్యగారూ, అర్ధరాత్రి ఆ గొట్టం ఊడితే మా గతేమిటండీ?" అని ఆ ఇల్లాలు అడిగితే, "అంకుల్, ఇది లేకపోతే ప్రాసెసరు మాడిపోతుందని అమ్మకు మీరైనా చెప్పండి" అని పాలిటెక్నిక్‌లో చదివే ఆ అబ్బాయి అడిగాడు. ఇరువురి మాటలలోనూ కొంత నిజమున్నది, కొంత లేదు.

నా అభిప్రాయం ముందుగానే మనవి చేస్తాను. ఇంటి కంప్యూటరుకు నీటి శీతలీకరణ చాలమందికి అవసరం లేదు. కానీ దానిని చూసి భయపడవలసిన పని అంతకంటె లేదు. ఆ పెట్టెలోని నీరు ఒక చెంబెడు. ఏళ్ళ తరబడి అదే తిరుగుతుంది. మనం నిజంగా పట్టించుకోవలసిన నీరు వేరొకచోట ఉన్నది. అక్కడికి వెళ్ళడానికి ముందు ఈ చిన్న దిమ్మ ఏమి చేస్తున్నదో చూడాలి.

ప్రాసెసరు చేసే పని లెక్కలే అయినా, భౌతికశాస్త్రం దృష్టిలో అది ఒక పొయ్యి. గోడలోని ప్లగ్గు నుండి అది తీసుకొనే విద్యుచ్ఛక్తి దాదాపు యావత్తూ చివరకు వేడిగా మారుతుంది. 1990ల తొలి సంవత్సరాలలో 486 చిప్పులున్న కంప్యూటర్లు వాడినవారికి ప్రాసెసరుపై ఫ్యాను చూసిన జ్ఞాపకం ఉండకపోవచ్చు. ఆ చిప్పు ఖర్చు చేసినది కొద్ది వాట్లే. 1993లో వచ్చిన మొదటి పెంటియం సుమారు 15 వాట్లకు చేరి, నెత్తిన అల్యూమినియం రెక్కలు మోయడం నేర్చినది. 2022లో ఇంటెల్ విడుదల చేసిన కోర్ ఐ9-13900కె అనే చిప్పుకు గరిష్ఠంగా 253 వాట్ల వరకు అనుమతి ఉన్నది.

ఇలా ఎందుకైనదన్నది ఆసక్తికరమైన విషయం. ట్రాన్సిస్టరు పరిమాణం తగ్గించినప్పుడు వోల్టేజిని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తే, చదరపు సెంటీమీటరుకు పుట్టే వేడి పెరగకుండానే ట్రాన్సిస్టర్ల సంఖ్యను పెంచుకొంటూ పోవచ్చునని 1974లో ఐ.బి.ఎం.లో పనిచేస్తున్న రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు చూపించారు. మూడు దశాబ్దాల పాటు పరిశ్రమ ఆ సూత్రం చలవ మీద బ్రతికినది. 2005 ప్రాంతానికి వోల్టేజి ఇక తగ్గనని మొరాయించినది. తగ్గిస్తే ట్రాన్సిస్టర్లు మూతబడవలసిన సమయంలో కూడా విద్యుత్తును కార్చసాగాయి. పరిమాణం మాత్రం తగ్గుతూనే ఉన్నది. ఫలితం, చిన్న చోట పెద్ద మంట. పైన చెప్పిన చిప్పులోని సిలికాన్ పలక వైశాల్యం రెండున్నర చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు నూరు వాట్లు. మన ఇంటి ఇస్త్రీపెట్టె అడుగుభాగంలో ఇది సుమారు ఐదు వాట్లు. ఇస్త్రీపెట్టెకంటె ఇరవై రెట్లు తీవ్రంగా వేడిని వెలిగ్రక్కే వస్తువును 90 డిగ్రీలు దాటకుండా చూడడమే అసలు సమస్య.

గాలి ఈ పనికి బలహీనమైన కూలీ. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి తీసుకొనేంత ఉష్ణాన్ని మోయడానికి మూడున్నర వేల లీటర్ల గాలి కావాలి. వేడిని తనలోనుండి ప్రవహింపజేయడంలో కూడా గాలికంటె నీరు ఇరవై రెట్లకు పైగా మెరుగు. లెక్క వేసి చూడండి: నిమిషానికి ఒకే ఒక లీటరు నీటిని ప్రవహింపజేస్తే, 250 వాట్ల వేడిని తీసుకొన్నా ఆ నీటి ఉష్ణోగ్రత పెరిగేది మూడున్నర డిగ్రీలు మాత్రమే. అదే పని గాలితో చేయాలంటే ఫ్యాను ఎంత హోరెత్తాలో ఊహించవచ్చు. (బుకిట్ బటోక్ అనే పేరుకు చెప్పే కథలలో ఒకటి, మలయ్ భాషలోని 'బాతుక్', అనగా దగ్గు, అన్న మాట నుండి వచ్చినదని, ఇక్కడి నల్లరాతి గనులలో మందుగుండు ప్రేలినప్పుడల్లా కొండ దగ్గినట్లు వినిపించేదట. నిజమెంతో గానీ, పరీక్షల కాలంలో ఆటలు మానని పిల్లల గదులలోని కంప్యూటర్ ఫ్యాన్లు వింటే ఆ పేరు సార్థకమే అనిపిస్తుంది.)

వాటర్ బ్లాకు అని పిలిచే ఈ నీటి దిమ్మ చూడడానికి అరచేతిలో ఇమిడే రాగి బిళ్ళ. దాని అడుగు నునుపు. లోపలి వైపు మాత్రం దువ్వెన పళ్ళవలె సన్నని చాళ్ళు చెక్కి ఉంటాయి. నీరు మధ్యనుండి ఆ చాళ్ళలోనికి దూకి, ఇరుప్రక్కలకు చీలి, వేడిని పట్టుకొని బయటకు పోతుంది. చాళ్ళు ఎంత సన్ననైతే వేడి గోడను విడిచి నీటిలోనికి దిగడం అంత సులువవుతుందని 1981లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ టకర్‌మన్, ఫేబియన్ పీస్ అనే ఇరువురు శాస్త్రజ్ఞులు నిరూపించారు. సిలికాన్ పలకలోనే వెంట్రుక మందాన కాలువలు చెక్కి నీరు పారించి, చదరపు సెంటీమీటరుకు 790 వాట్ల వేడిని తొలగించారు. నేటి చిప్పులకు ఎనిమిది రెట్లు! నలభై ఏళ్ళ క్రితమే సిద్ధమైన సమాధానం ప్రశ్న కోసం ఎదురుచూస్తూ కూర్చున్నదన్నమాట.

ఆ మాటకు వస్తే నీటి శీతలీకరణ ఆటల ప్రియులు కనిపెట్టినది కానే కాదు. 1960లలోని ఐ.బి.ఎం. సిస్టం/360 మోడల్ 91, 1980లో ప్రకటించిన 3081 యంత్రం నీటితోనే చల్లబడేవి. 1985నాటి క్రే-2 మరొక అడుగు ముందుకు వేసి, విద్యుత్తు ప్రవహించని ఒక ద్రవంలో సర్క్యూట్లను పూర్తిగా ముంచివేసినది. 1990ల నడుమ తక్కువ విద్యుత్తు తీసుకొనే సీమాస్ చిప్పులు రావడంతో గొట్టాలు కనుమరుగైనాయి. చిప్పులు మళ్ళీ వేడెక్కాయి. గొట్టాలు మళ్ళీ వచ్చాయి.

ఇక అమరిక. దీనిని గురించి కొంచెం విపులంగా చెప్పడానికి కారణం, ఇందులోని ప్రతి జాగ్రత్త వెనుకా పదవ తరగతి భౌతిక, రసాయనశాస్త్రాల పాఠం ఒకటి ఉండడమే. పిల్లలతో కలిసి చేసే తల్లిదండ్రులకు ఇది మంచి ప్రయోగశాల.

మొదట ప్రాసెసరు నెత్తిన ఎండిపోయిన పాత థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రంగా తుడవాలి. ఎంత నునుపుగా కనిపించినా రెండు లోహపు తలాలు కొద్ది చోట్ల మాత్రమే నిజంగా తాకుతాయి. మిగిలిన సందులలో గాలి ఉంటుంది. గాలిని వెళ్ళగొట్టి ఆ సందులను నింపడమే పేస్టు పని. రాగిలో పరుగెత్తే వేడి పేస్టులో పాకుతుంది. ఎంత మంచి పేస్టయినా రాగి వాహకతలో ముప్పయ్యోవంతుకు మించదు. కాబట్టి బఠాణీ గింజంత చాలు. నెయ్యి ఎక్కువైతే రుచి అనుకొనే మన అలవాటు ఇక్కడ పనికిరాదు.

దిమ్మను అమర్చే ముందు దాని అడుగున అంటించిన పల్చని ప్లాస్టిక్ పొరను తీయాలి. ఇది చెప్పవలసిన విషయమా అని నవ్వుకొనేవారుంటారు. ఆ పొరతోనే బిగించి, ప్రాసెసరు పాడైనదని వాపోయినవారు లోకంలో చాలమంది ఉన్నారు. తరువాత నాలుగు మరలను ఒకదాని వెంట ఒకటి పూర్తిగా బిగించక, ఎదురెదురు మూలలను కొంచెం కొంచెంగా బిగించుకొంటూ రావాలి. కారు చక్రం మార్చినవారికి ఈ పద్ధతి తెలిసినదే. ఒక మూల ముందుగా బిగిస్తే దిమ్మ ఏటవాలుగా కూర్చుని, పేస్టు ఒక ప్రక్కకు పోతుంది.

రేడియేటరును అమర్చడంలో ఒక సూక్ష్మమున్నది. గొట్టాలలో ఎంతో కొంత గాలి మిగిలే ఉంటుంది. కాలక్రమాన రబ్బరు గుండా కొంత నీటి ఆవిరి బయటకు పోయి ఆ గాలిబుడగ పెరుగుతుంది కూడ. బుడగ ఎప్పుడూ అన్నిటికంటె ఎత్తయిన చోటికి చేరుతుంది. ఆ ఎత్తయిన చోటు రేడియేటరు పైభాగమైతే బాధ లేదు. పంపు అయితే, అది నీటికి బదులు గాలిని మథిస్తూ గలగలలాడి కొంతకాలానికి చెడిపోతుంది. అందుచేత పంపుకంటె రేడియేటరు పై అంచు ఎత్తున ఉండాలి.

కర్మాగారంలోనే నీరు నింపి మూసివేసిన అమరికలు 2009 ప్రాంతం నుండి సామాన్య కొనుగోలుదారులకు అందుబాటులోనికి వచ్చాయి. వాటితో అయితే కథ ఇంతటితో ముగుస్తుంది. గొట్టాలు విడిగా కొని స్వయంగా నింపుకొనేవారు మాత్రం మరి రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. రాగి దిమ్మకు అల్యూమినియం రేడియేటరును జత చేయరాదు. రెండు వేర్వేరు లోహాలు, వాటి నడుమ అయానులున్న నీరు కలిస్తే అది బ్యాటరీ ఘటమే. అల్యూమినియం మెల్లగా కరిగిపోతుంది. ఇక పోసేది స్వేదనజలమే అయినా, లోహాలను తాకి కొన్నాళ్ళకు దానిలో లవణాలు చేరి విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. పాచి కూడ పడుతుంది. కనుక తుప్పును, పాచిని నిరోధించే ద్రవాలను కలపాలి. నింపిన తరువాత కంప్యూటరుకు విద్యుత్తు ఇవ్వకుండా పంపును మాత్రమే ఒక పగలూ ఒక రాత్రీ నడిపించి, ప్రతి కీలు క్రిందా కాగితపు రుమాలు పరచి చూడాలి. కాగితం పొడిగా ఉంటే అమ్మగారు నిశ్చింతగా నిద్రపోవచ్చు.

పంపు ఆగిపోతే చిప్పు మాడిపోతుందన్నది అబ్బాయి భయం. నేటి ప్రాసెసర్లు తమ ఉష్ణోగ్రతను తామే కొలుచుకొని, నూరు డిగ్రీల చేరువకు రాగానే వేగాన్ని తగ్గించుకొంటాయి. అప్పటికీ తగ్గకపోతే యంత్రాన్నే ఆపివేస్తాయి.

ఇక అందరూ మరచిపోయే మాట. నీరు వేడిని నాశనం చేయదు. ఒకచోటి నుండి మరొకచోటికి మోసుకొని పోతుంది. ప్రాసెసరులో పుట్టిన 250 వాట్లూ రేడియేటరు గుండా అదే గదిలోనికి వస్తాయి. నిశ్చలంగా కూర్చున్న మనిషి శరీరం సుమారు నూరు వాట్ల వేడినిస్తుంది. గ్రాఫిక్స్ కార్డుతో సహా అయిదారు వందల వాట్లు త్రాగే ఆటల కంప్యూటరు ఉన్న పడకగది అంటే, చుట్టాలు అయిదారుగురు తలుపులు మూసుకొని కూర్చున్న గది అన్నమాట. ఎయిర్ కండిషనరు ఆ వేడిని తోడి కిటికీ బయట పోస్తుంది. అందుకు మరికొంత విద్యుత్తు కావాలి. బయటపోసిన వేడి పొరుగువారి కిటికీలోనికి పోతుంది. రోజుకు ఆరు గంటల చొప్పున ఈ రెంటి ఖర్చూ కలిపితే, కిలోవాట్ గంటకు ముప్పై సెంట్ల చేరువలోని ధరకు నెలకు ముప్పై డాలర్లకు పైమాటే. నీటి దిమ్మ వలన ఇందులో ఒక్క సెంటు కూడ తగ్గదు. నిజానికి చల్లబడిన చిప్పు మరింత వేగంగా పరుగెత్తడానికి ప్రయత్నించి ఇంకొంచెం ఎక్కువే త్రాగవచ్చు. అందుకే ఆ అబ్బాయితో, నీ చిప్పుకు అనుమతించిన వాట్లను కొద్దిగా తగ్గించి చూడు, వేగంలో తేడా నీకు తెలియదు, పెద్ద రెక్కలున్న మామూలు కూలరే చాలవచ్చునని చెప్పాను. సినిమాల కూర్పు, త్రిపరిమాణ చిత్రాల వంటి పనులు గంటల తరబడి చేసేవారికి నీటి దిమ్మ సార్థకమే. తక్కినవారికి అది అభిరుచి. అభిరుచులను నేను తప్పు పట్టను. అవసరమని పేరు పెట్టుకోవడాన్నే ఒప్పుకోను.

మరొక అపోహ, సింగపూరు తేమలో గొట్టాలకు చెమట పట్టి నీరు కారుతుందని. ఇక్కడ సాలు సగటు ఉష్ణోగ్రత 28 డిగ్రీలకు కొంచెం తక్కువ, సాపేక్ష ఆర్ద్రత 82 శాతం. అంటే 24, 25 డిగ్రీలకంటె చల్లగా ఉన్న ఏ వస్తువుకైనా గాలిలోని ఆవిరి నీరై అంటుకొంటుంది. ఈ ఉష్ణోగ్రతనే తుషార బిందువు అంటారు. కంప్యూటరు గొట్టాలలోని నీరు ఎప్పుడూ గదికంటె వెచ్చగా ఉంటుంది కాబట్టి వాటికి చెమట పట్టే ప్రసక్తి లేదు. బుకిట్ బటోక్‌ను ఆనుకొని కొత్తగా వెలసిన టెంగా పట్టణంలో సంగతి వేరు. అక్కడ కొన్ని బ్లాకుల మేడల పైన నీటిని చల్లబరచి, గొట్టాల ద్వారా ఇండ్లకు పంపే కేంద్రీకృత శీతల విధానాన్ని ఎస్.పి. గ్రూప్ నెలకొల్పినది. 2023 నుండి నివాసులు చేరసాగిన తరువాత, కొన్ని ఇండ్లలో గొట్టాల తొడుగుల నుండి నీరు కారుతున్నదని ఫిర్యాదులు పత్రికలకెక్కాయి. చల్లని నీటిని తేమగాలి నడుమ నడిపించేటప్పుడు తొడుగులో చిన్న సందు దొరికినా ఆవిరి అక్కడికి చేరుతుంది. ఆలోచన మంచిదే, అమరికలో శ్రద్ధ అధికంగా కావాలి. మనకు ఇక్కడ దొరికే పాఠం ఇది: ఉష్ణదేశంలో చల్లని నీటికంటె వెచ్చని నీరు సాధువు.

ఆవిరి మాట వచ్చినది కనుక మన ఊరి కుండను తలచుకోక తప్పదు. వేసవిలో రెంటచింతలలో మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్నదనుకొందాం. మట్టికుండ చెమర్చి, ఆ తడి ఆవిరయ్యే క్రమంలో లోపలి నీరు సుమారు 25 డిగ్రీల వరకు దిగగలదు. గుమ్మాలకు కట్టిన వట్టివేళ్ళ తడికల రహస్యమూ ఇదే. అదే కుండను సింగపూరు మధ్యాహ్నం, 31 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న గాలిలో పెడితే ఎంతవరకు దిగుతుంది? లెక్క ప్రకారం ఇంచుమించు అదే 25, 26 డిగ్రీలు! కుండ ఒకటే, తుది ఉష్ణోగ్రతా ఒకటే. అక్కడ దక్కిన చలువ 19 డిగ్రీలు, ఇక్కడ అయిదు. సింగపూరులో కుండనీళ్ళు చల్లబడలేదని విసుగుపడే మన పెద్దలకు ఇది సమాధానం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పెద్ద పెద్ద డేటా సెంటర్లు నేడు ఆధారపడుతున్నది చాలవరకు ఈ కుండ సూత్రం మీదనే. భవనం లోపల గాలిని యంత్రాలు చల్లబరుస్తాయి. ఆ వేడిని భవనం పైన ఉన్న కూలింగ్ టవర్లు నీటిని ఆవిరి చేసి ఆకాశంలోనికి పంపుతాయి. ఒక కిలోవాట్ గంట వేడిని ఆవిరి రూపంలో పంపడానికి లీటరున్నర నీరు కావాలి. ఇది ప్రకృతి నియమించిన లెక్క. ఏ కంపెనీ బేరమాడి తగ్గించలేదు. 100 మెగావాట్ల కేంద్రం తన వేడినంతా ఇలాగే వదిలితే రోజుకు 36 లక్షల లీటర్లు ఆవిరైపోతాయి. సింగపూరులో ఇంటి అవసరాలకు మనిషి రోజుకు వాడే నీరు సుమారు 140 లీటర్లు. అంటే ఇరవై అయిదు వేల మంది నీరు.

సింగపూరు ప్రభుత్వం ఈ లెక్కలు ముందే వేసుకొన్నది. 2020 నాటికి ఇక్కడి విద్యుత్తులో 7 శాతం డేటా సెంటర్లకే పోతూ ఉండెను. 2019 నుండి 2022 జనవరి వరకు కొత్తవాటికి అనుమతులు నిలిపివేసి, ఆ తరువాత షరతులతో మళ్ళీ తలుపులు తెరచినది. 2023లో ఉష్ణమండల డేటా సెంటర్లకు ప్రత్యేక ప్రమాణాన్ని ప్రకటించి, లోపలి గాలిని 26 డిగ్రీలు, అంతకు పైన ఉంచడం అలవాటు చేసుకోమన్నది. 2024 మేలో ప్రకటించిన ప్రణాళికలో మరి 300 మెగావాట్లకు చోటిస్తూ, పొదుపును నియమం చేసినది. నీటిచుక్కను వెండినాణెంవలె లెక్కించే ద్వీపానికి ఇది తగిన నడవడి.

మన విశాఖపట్నం మాటేమిటి? 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖలో కృత్రిమ మేధ కేంద్రం నెలకొల్పుతామని, 2026 నుండి 2030 వరకు అయిదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు వెచ్చిస్తామని, సామర్థ్యం గిగావాట్ స్థాయిలో ఉంటుందని ప్రకటించినది. ఆంధ్రులందరితోబాటు నేనూ సంతోషించాను. కానీ గిగావాట్ అంటే వేయి మెగావాట్లు. ఆ వేడి అంతా ఆవిరి మార్గంలోనే పోతే రోజుకు 3 కోట్ల 60 లక్షల లీటర్లు. భారతదేశంలో నగరవాసికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్న ప్రమాణం ప్రకారం ఇది రెండు లక్షల అరవై వేల మందికి పైగా ప్రజల నీరు. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాల మీదా, దూరాన ఏలేరు నుండి కాలువలో వచ్చే నీటి మీదా ఆధారపడిన నగరం అది. వేసవిలో బిందెలతో ట్యాంకరు కోసం నిలబడిన అనుభవం ఈ సంచిక పాఠకులలో చాలమందికి ఉండే ఉంటుంది. సంస్థ ఆవిరి మార్గాన్నే అనుసరిస్తుందని నేననడం లేదు. ఏ మార్గమన్నది నిర్ణయించేటప్పుడే ప్రజలు అడగాలంటున్నాను.

ఇక్కడే బుకిట్ బటోక్ పడకగదిలోని ఆ చిన్న దిమ్మ మనకు అక్కరకు వస్తుంది. గాలితో చల్లబరచే చిప్పుకు ఇరవైలలో ఉన్న చల్లని గాలి కావాలి. దానికోసం శీతల యంత్రాలు, వాటికోసం టవర్లు. రాగి చాళ్ళలో నీరు ప్రవహించే దిమ్మ వేడిని ఎంత సులువుగా తీసుకొంటుందంటే, లోనికి పంపే నీరు 45 డిగ్రీలున్నా చిప్పు క్షేమంగానే ఉంటుంది. 45 డిగ్రీల నీరు! మనం స్నానానికి తొరపుకొనే వేడినీరు. వేడినీటితో చల్లబరచడమన్నది వినడానికి వింతగా ఉండవచ్చు. 2010లో ఐ.బి.ఎం., జూరిక్‌లోని ఇ.టి.హెచ్. సంస్థ కలిసి నిర్మించిన ఆక్వాసార్ అనే యంత్రంలోనికి 60 డిగ్రీల నీటిని పంపి, తిరిగి వచ్చిన నీటితో భవనాలను వెచ్చబరచారు. 2012 నుండి మ్యూనిక్ సమీపంలోని సూపర్‌మక్ యంత్రం వెచ్చని నీటితోనే పనిచేసినది. నేటి కృత్రిమ మేధ యంత్రాలు ఒక్కొక్క బీరువాకు నూరు కిలోవాట్లు దాటి వేడినిస్తున్నాయి. వాటికి గాలి చాలదు కనుక తయారీదారులే నీటి దిమ్మలు అమర్చి పంపుతున్నారు.

ఫలితాన్ని ఆలోచించండి. విశాఖలో వేసవి మధ్యాహ్నాలు సాధారణంగా 34, 35 డిగ్రీలుంటాయి. తిరిగి వచ్చే నీరు 50 డిగ్రీలకు పైగా ఉంటే, దానిని 45కు దింపడానికి కారు రేడియేటరు వంటి పెద్ద పొడి రేడియేటర్లు, ఫ్యాన్లు చాలు. ఒక్క చుక్క ఆవిరి కానక్కరలేదు. మా పొరుగింటి కంప్యూటరులాగే పోసిన నీరే తిరుగుతుంది. ఇందుకు ఇబ్బందులు లేకపోలేదు. పొడి రేడియేటర్లకు స్థలం ఎక్కువ కావాలి, పెట్టుబడి ఎక్కువ, ఫ్యాన్లకు విద్యుత్తు కావాలి. ఎండ 40 దాటే కొద్దిరోజులు నీరు చిలకరించవలసి రావచ్చు. దిమ్మలు తాకని భాగాల వేడి కొంత గాలికే పోతుంది. సముద్రపు ఉప్పుగాలికి అల్యూమినియం రెక్కలు త్వరగా తుప్పు పడతాయి. అయినా ఇవన్నీ డబ్బుతో తీరే చిక్కులు. నీటి కొరత డబ్బుతో తీరదు.

నీటి శీతలీకరణ అన్న మాట విని "ఈ కంప్యూటర్లు మన నీరంతా త్రాగేస్తాయి" అని ఊరిలోని బంధువులు ఆవేశపడడం నేను విన్నాను. "ఇది ఆధునిక ద్రవ శీతలీకరణ, నీరు వృథా కాదు" అని మరికొందరు సమర్థించడమూ విన్నాను. ఇరువురూ చిప్పును తాకే నీటిని గురించే మాట్లాడుతున్నారు. అది రెండు పక్షాలకూ అనవసరమైన నీరు. అడగవలసినది గొట్టం అవతలి చివర గురించి. ఆ వేడి చివరకు గాలిలోనికి పోయేది పొడి రేడియేటరు నుండా, ఆవిరి టవరు నుండా? టవరే అయితే ఆ నీరు త్రాగునీటి జలాశయానిదా, నగరపు మురుగును శుద్ధి చేసినదా, సముద్రానిదా? రోజుకు ఎన్ని లీటర్లు తీసుకొంటున్నదీ నెలనెలా ప్రకటిస్తారా?

ఆంధ్రప్రదేశ్ నుండి మంత్రులు, అధికారులు పెట్టుబడుల కోసం సింగపూరు వచ్చినప్పుడు మన తెలుగువారిని కలుసుకోవడం రివాజు. అప్పుడు శాలువాలు, ఛాయాచిత్రాల నడుమ ఈ మూడు ప్రశ్నలకు అయిదు నిమిషాలు దొరకకపోవు. డేటా సెంటర్లలోను, శీతల యంత్రాల సంస్థలలోను పనిచేసే ఇంజనీర్లు మన సంఘ సభ్యులలో ఉండకపోరు. వారిలో ఎవరైనా విశాఖ వాతావరణానికి 45 డిగ్రీల నీటితో నెలవారీ లెక్క వేసి, ఏడాదిలో ఎన్ని గంటలు చిలకరింపు అవసరమౌతుందో తేల్చి వచ్చే ఏటి సంచికకు పంపితే, ఆ వచ్చే అతిథుల చేతికి పుష్పగుచ్ఛంతో బాటు ఆ పుటను కూడ అందించవచ్చు.